పావూ పన్నెండో వంతూ కలిపితే ఎంత?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చదువు కేంద్రాల అక్కచెల్లెళ్ల కోసం చేసిన ప్రసంగం)

 

మీరంతా అక్షరాలు నేర్చుకున్నారు. సంతకం పెడుతున్నారు. వచ్చే బస్సు మదనపల్లెకు పోతుందా, పుంగనూరుకు పోతుందా, కుప్పం పోతుందా అని ఎవరినీ అడగడం లేదు. బోర్డు చదువుకుని ఎక్కుతున్నారు. కూడికలు, తీసివేతలు చేస్తున్నారు. ఎక్కాలు కూడా వచ్చాయి. ఈ రోజు ఇంకో మెట్టు ఎక్కుదాం. వంతులను కలపడం నేర్చుకుందాం.

అది బడిపిల్లల లెక్క, మనకెందుకు అనుకోకండి. పంట పంచేటప్పుడు వంతులే. భూమి పంచేటప్పుడు వంతులే. ఇల్లు అమ్మి డబ్బు పంచేటప్పుడూ వంతులే. ఆ లెక్క మనకు రాకపోతే మన వంతు ఎంతో ఇంకొకరు చెప్పాలి. వాళ్లు చెప్పిందే మనం నమ్మాలి. వాళ్లు మంచివాళ్లయితే సరే. కాకపోతే?

మీకు ముందే వచ్చిన లెక్క

అంగట్లో అరకిలో చక్కెర తీసుకున్నారు. చాలదనిపించింది. ఇంకో పావుకిలో వేయమన్నారు. మొత్తం ఎంత? ముప్పావు కిలో. ఈ మాట చెప్పడానికి మీకు పలకా బలపం అక్కర్లేదు.

పుంగనూరు ఆవులు పొట్టిగా, ముచ్చటగా ఉంటాయని అందరికీ తెలుసు. అలాంటి ఆవు ఒకటి పొద్దున అర లీటరు, సాయంత్రం ముప్పావు లీటరు పాలిచ్చిందనుకోండి. రోజుకు ఎంత? లీటరుంబావు. ఇదీ మీరు నోటితోనే చెప్పేస్తారు.

ఎలా చెప్పారు? మీ మనసులో ఒక పని జరిగింది. అర అంటే రెండు పావులు అని మీకు తెలుసు. రెండు పావులూ ఒక పావూ కలిపితే మూడు పావులు. అదే ముప్పావు. పాల లెక్కలో రెండు పావులూ మూడు పావులూ కలిపితే ఐదు పావులు. నాలుగు పావులు ఒక లీటరు. మిగిలింది ఒక పావు.

చూశారా? మీరు అరనూ పావునూ ఉన్నపాటున కలపలేదు. ముందు అరను పావులుగా మార్చారు. రెండూ ఒకే రకం ముక్కలయ్యాక కలిపారు. ఈ రోజు నేను చెప్పబోయే లెక్కంతా ఇంతే.

కాగితం మీద ఎలా రాస్తారు?

పావును కాగితం మీద 1/4 అని రాస్తారు. గీతకు ఈ పక్క 1, ఆ పక్క 4. నోటుపుస్తకంలో గీత అడ్డంగా గీసి, పైన 1, కింద 4 రాస్తారు. ఎలా రాసినా అర్థం ఒకటే.

కింది అంకె ఒక వస్తువును ఎన్ని సమాన ముక్కలు చేశామో చెబుతుంది. పై అంకె అందులో ఎన్ని ముక్కలు తీసుకున్నామో చెబుతుంది. ముప్పావు అంటే 3/4. నాలుగు ముక్కలు చేసి మూడు తీసుకున్నాం.

పై అంకెను లవం అంటారు. కింది అంకెను హారం అంటారు. ఇది మెడలో వేసుకునే హారం కాదు. కానీ దీన్ని సరిగా చూసుకోకపోతే మెడలోని హారం తాకట్టుకు పోయే రోజు రావచ్చు!

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. కింది అంకె పెద్దదయ్యేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. ఒక రొట్టెను ఇద్దరు పంచుకుంటే పెద్ద ముక్క. ఎనిమిది మంది పంచుకుంటే చిన్న ముక్క. అందుకే 1/8 కన్నా 1/2 పెద్దది. 8 పెద్ద అంకె కదా అని మోసపోకండి.

పైవి పైవి, కిందివి కిందివి కలపకూడదు

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. 1/3, 1/4 కలపమంటే పై అంకెలు కలిపి 2 అంటారు. కింది అంకెలు కలిపి 7 అంటారు. జవాబు 2/7 అంటారు. "మూడూ నాలుగూ ఏడు గదా?" అంటారు.

ఇది తప్పు. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అరకిలో బియ్యం, ఇంకో అరకిలో బియ్యం కలపండి. ఎంత? కిలో. ఇప్పుడు ఆ తప్పు పద్ధతిలో కలపండి. పైన 1, 1 కలిపితే 2. కింద 2, 2 కలిపితే 4. అంటే 2/4. నాలుగు పావుల్లో రెండు పావులు. అంటే మళ్లీ అరకిలోనే! రెండు అరకిలోలు కలిపితే అరకిలో అవుతుందా? అలా తూకం వేసే అంగడికి మీరు మళ్లీ పోతారా?

ఒకే అచ్చులో రెండు రకాల ముక్కలు

మరి 1/3, 1/4 ఎలా కలపాలి? పావులుగా మారుద్దామంటే మూడో వంతు పావులుగా తెగదు. మూడో వంతులుగా మారుద్దామంటే పావు అలా తెగదు. రెండూ తెగే మూడో రకం ముక్క కావాలి.

బెల్లం పాకంలో వేయించిన చెనక్కాయ పప్పులు కలిపి పళ్లెంలో పరిచారనుకోండి. నలుచదరంగా అచ్చు తయారైంది. దాన్ని అడ్డంగా మూడు వరసలు వచ్చేలా కోయండి. ఒక్కో వరస మొత్తంలో మూడో వంతు. ఇప్పుడు నిలువుగా నాలుగు వరసలు వచ్చేలా కోయండి. ముక్కలు లెక్కపెట్టండి. మూడు నాలుగ్గళ్లు పన్నెండు. 12 ముక్కలు.

మూడో వంతు అంటే ఎన్ని ముక్కలు? 12ను ముగ్గురికి పంచితే 4. అంటే 1/3 అన్నా 4/12 అన్నా ఒకటే. నాలుగో వంతు అంటే ఎన్ని ముక్కలు? 12ను నలుగురికి పంచితే 3. అంటే 1/4 అన్నా 3/12 అన్నా ఒకటే.

ఇప్పుడు అన్నీ ఒకే సైజు ముక్కలు. కలపండి. నాలుగూ మూడూ ఏడు. 7 ముక్కలు. మొత్తం 12లో 7. జవాబు 7/12.

కాగితం మీద ఇలా రాస్తాం:

1/3 + 1/4 = 4/12 + 3/12 = 7/12

కింది 12ను కలపలేదు చూడండి. అది ముక్క సైజు. సైజు మారలేదు కాబట్టి అలాగే ఉంచాం. పైన ఉన్న ముక్కలను మాత్రమే కలిపాం.

12 ఎక్కడ దొరికింది?

ఎక్కాల్లో దొరికింది. మూడో ఎక్కం చదవండి: 3, 6, 9, 12. నాలుగో ఎక్కం చదవండి: 4, 8, 12. రెండింట్లోనూ మొదట కలిసిన అంకె 12. అదే మనకు కావలసిన హారం. బడిలో దీన్ని కనిష్ఠ సామాన్య గుణిజం అంటారు. పొట్టిగా క.సా.గు. అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. రెండు ఎక్కాలు కలిసే మొదటి చోటు వెతకడమే ఆ పని.

ఇంకోటి చూద్దాం. మదనపల్లె టమాటాలకు పేరుబడ్డ ఊరు. ఆ పక్క ఒక తోటలో నిన్న మూడో వంతు కాయలు కోశారు. ఈ రోజు మొత్తంలో ఆరో వంతు కోశారు. ఎంత కోత అయింది? మూడో ఎక్కం: 3, 6. ఆరో ఎక్కం: 6. కలిసే చోటు 6. మూడో వంతు అంటే 2/6. దానికి 1/6 కలిపితే 3/6. ఆరింట మూడు అంటే సగం. సగం తోట కోత అయింది.

కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే అక్కలున్నారు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బులో నాలుగో వంతు కూలీలకు, ఆరో వంతు మల్బరీ ఆకుకు పోయిందనుకోండి. మొత్తం ఎంత పోయింది? నాలుగో ఎక్కం: 4, 8, 12. ఆరో ఎక్కం: 6, 12. కలిసే చోటు 12. పావు అంటే 3/12. ఆరో వంతు అంటే 2/12. మొత్తం 5/12. చేతిలో 7/12 మిగిలింది.

"4నూ 6నూ గుణిస్తే 24 వస్తుంది కదా, అది తీసుకోకూడదా?" అని అడగవచ్చు. తీసుకోవచ్చు. అప్పుడు 6/24, 4/24 కలిపి 10/24 వస్తుంది. రెండేసి ముక్కలు ఒకటిగా చేస్తే అదీ 5/12నే. తప్పేమీ లేదు. చిన్న అంకెతో చేస్తే పని తేలిక, అంతే.

ఒప్పుకునే ముందు అడగవలసిన మాట

ఇప్పుడు కల్లం దగ్గరికి పోదాం. ఒక అక్క వేరొకరి భూమిని కోరుకు చేసిందనుకుందాం. పంటలో మూడో వంతు భూమి ఆసామికి ఇవ్వాలి. విత్తనాలకూ మందులకూ అప్పు పెట్టిన అంగడాయనకు నాలుగో వంతు ఇవ్వాలి. "మూడో వంతు, నాలుగో వంతేగా పోయేది, సగానికి పైనే మనకు మిగులుతుంది" అనుకుంది. ఇప్పుడు మనకు లెక్క తెలుసు. పోయేది 7/12. మిగిలేది 5/12. చెనక్కాయలు 12 మూటలయితే 7 మూటలు పోయి, 5 మూటలు మిగులుతాయి. సగానికి తక్కువే!

ఇందులో ఇంకో మెలిక ఉంది. అంగడాయనకు నాలుగో వంతు అన్నాం. దేంట్లో నాలుగో వంతు? మొత్తం పంటలోనా? ఆసామి వంతు తీసేశాక మిగిలిన దాంట్లోనా?

మొత్తంలో అయితే 3 మూటలు ఇవ్వాలి. మిగిలిన దాంట్లో అయితే? ఆసామికి 4 మూటలు పోగా 8 మిగిలాయి. 8లో నాలుగో వంతు 2 మూటలు. అప్పుడు అక్కకు 6 మూటలు దక్కుతాయి. ఒక్క మాటలో ఒక మూట తేడా!

మన బెల్లం అచ్చులో కూడా ఇది కనిపిస్తుంది. ఒక అడ్డ వరస తీసేయండి. 4 ముక్కలు పోయాయి. ఇప్పుడు ఒక నిలువు వరస చూడండి. అందులో మూడు ముక్కలు లేవు. రెండే ఉన్నాయి. అది మిగిలిన 8 ముక్కల్లో నాలుగో వంతు.

అందుకే ఎవరైనా వంతు మాట చెప్పగానే "దేంట్లో వంతు?" అని అడగండి. పంట వేసే ముందే అడగండి. జవాబును కాగితం మీద రాయించండి. కల్లంలో అడిగితే తగాదా అవుతుంది.

భూమిలో మన వంతు

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద లెక్క.

ఒక తండ్రికి సొంత సంపాదనతో కొన్న మూడెకరాల భూమి ఉంది. వీలునామా రాయకుండా చనిపోయాడు. భార్య ఉంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆయన తల్లి అంతకుముందే పోయింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమాన వంతులు. కూతురికి పెళ్లయిందా లేదా అని చట్టం చూడదు. మొత్తం నలుగురు. ఒక్కొక్కరికి పావు. అంటే కూతురికి 1/4.

కొన్నేళ్లకు తల్లి కూడా పోయింది. ఆమే వీలునామా రాయలేదు. ఆమె పావును ముగ్గురు పిల్లలూ సమానంగా పంచుకోవాలి. పావును మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మొత్తంలో పన్నెండో వంతు. అంటే కూతురికి ఇంకో 1/12 వస్తుంది.

ఇప్పుడు ఆమెకు మొత్తం ఎంత? పావూ పన్నెండో వంతూ కలిపితే ఎంత?

నాలుగో ఎక్కం, పన్నెండో ఎక్కం కలిసే చోటు 12. పావు అంటే 3/12.

1/4 + 1/12 = 3/12 + 1/12 = 4/12

పన్నెండింట నాలుగు అంటే మూడో వంతు. లెక్క సరిపోయిందా? ఇప్పుడున్న వారసులు ముగ్గురు. ముగ్గురికీ మూడో వంతు చొప్పున వచ్చింది. సరిపోయింది.

సెంట్లలో చూద్దాం. ఎకరాకు 100 సెంట్లు. మూడెకరాలు 300 సెంట్లు. అందులో పావు 75 సెంట్లు. పన్నెండో వంతు 25 సెంట్లు. కలిపితే 100 సెంట్లు. సరిగ్గా ఒక ఎకరా!

ఎవరైనా తప్పు పద్ధతిలో కలిపి, పైన 2, కింద 16, అంటే 1/8 అన్నారనుకోండి. 300 సెంట్లలో ఎనిమిదో వంతు 37న్నర సెంట్లు. ఆమెకు తండ్రి నుంచి వచ్చిన వంతే 75 సెంట్లు కదా! దానికి ఇంకొంత కలిపితే పెరగాలి గానీ తగ్గుతుందా? ఇదే మీ చేతిలో ఉన్న తూకం రాయి. కలిపితే వచ్చిన జవాబు ముందున్న వంతు కన్నా తక్కువయితే ఆ లెక్క తప్పు. ఎవరు చేసినా తప్పే. అక్కడ సంతకం పెట్టకండి. పెట్టి ఉంటే 62న్నర సెంట్లు పోయేవి.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయిన సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు అందులో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది.

మన ఊళ్లలో ముస్లిం అక్కచెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల వారసత్వ లెక్క అంతా వంతుల లెక్కే. పిల్లలున్న భర్త చనిపోతే భార్యకు ఎనిమిదో వంతు. అతని తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు. రెండూ కలిపితే ఎంత? ఎనిమిదో ఎక్కం: 8, 16, 24. ఆరో ఎక్కం: 6, 12, 18, 24. కలిసే చోటు 24. ఎనిమిదో వంతు 3/24. ఆరో వంతు 4/24. మొత్తం 7/24. అప్పులన్నీ తీర్చాక 2,40,000 రూపాయలు మిగిలాయనుకోండి. భార్యకు 30,000. తల్లికి 40,000. ఇద్దరికీ కలిపి 70,000. పిల్లల్లో కొడుకు ఉంటే, మిగిలిన 1,70,000 పిల్లలకు. అతని తండ్రి కూడా బతికి ఉంటే ఆయనకూ ఆరో వంతు ఉంటుంది. అప్పుడు లెక్క మారుతుంది.

ప్రతి ఇంటి సంగతీ ఒకేలా ఉండదు. వారసుల లెక్క మారితే వంతులు మారతాయి. సందేహం వస్తే న్యాయ సహాయం అడగండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆ సహాయం ఉచితం. ఆదాయం ఎంత అని చూడరు. అక్కడికి పోయేటప్పుడు మన లెక్క మనం చేసుకుని పోతే, వాళ్లు చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇది మన పెద్దల లెక్క

ఈ లెక్క కొత్తది కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరుడు అనే జైన పండితుడు గణిత సార సంగ్రహం రాశాడు. హారాలన్నీ కలిసే చిన్న అంకెను తీసుకుని వంతులు కలపాలని అందులో చెప్పాడు. ఆ అంకెకు నిరుద్ధం అని పేరు పెట్టాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మన అవ్వలు బడికి పోకపోయినా ఈ లెక్క చేసేవాళ్లు. అప్పట్లో రూపాయికి 16 అణాలు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. పావలా అంటే 4 అణాలు. బేడ అంటే 2 అణాలు. పావలా, బేడ కలిపితే ఎంత అంటే ఆరణాలు అని టక్కున చెప్పేవాళ్లు. అంటే పావునూ ఎనిమిదో వంతునూ పదహారో వంతులుగా మార్చి కలిపారన్నమాట! 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలు వచ్చాయి. 25 పైసల పావలా కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. నాణేలు పోయినా ఆ తెలివి పోకూడదు.

గుర్తు పెట్టుకోండి

1. హారాలు వేరుగా ఉంటే ముందు ఒకే హారంగా మార్చాలి.
2. రెండు ఎక్కాలు కలిసే మొదటి అంకె ఆ హారం.
3. హారాన్ని ఎంతతో గుణిస్తే లవాన్నీ అంతతోనే గుణించాలి. 1/3ను 4/12 చేసినప్పుడు పైనా కిందా నాలుగుతో గుణించాం.
4. పై అంకెలు మాత్రమే కలపాలి. కింది అంకెను అలాగే ఉంచాలి.
5. జవాబు ముందున్న వంతుల కన్నా పెద్దదిగా ఉందో లేదో చూసుకోవాలి.
6. "దేంట్లో వంతు?" అని అడగాలి.

మీరు చేయండి

1. 1/2, 1/3 కలిపితే ఎంత?
2. 1/4, 3/8 కలిపితే ఎంత?
3. ఒకాయన తన పంటలో సగం ఒకరికి, మూడో వంతు ఇంకొకరికి, నాలుగో వంతు మరొకరికి ఇస్తానని ముగ్గురి దగ్గరా అప్పు తీసుకున్నాడు. మూడు వంతులూ మొత్తం పంటలోనే. అతను మాట నిలబెట్టుకోగలడా?

మొదటి రెండు జవాబులు 5/6, 5/8. మూడో దాన్ని కలిసి చేద్దాం. 2, 3, 4 ఎక్కాలు కలిసే చోటు 12. సగం 6 ముక్కలు. మూడో వంతు 4 ముక్కలు. పావు 3 ముక్కలు. కలిపితే 13 ముక్కలు. కానీ ఉన్నవి 12 ముక్కలే! పంట ఎంత బాగా పండినా అతను ముగ్గురికీ ఇవ్వలేడు. ఎవరో ఒకరికి ఎగవేత తప్పదు. అలాంటి మాట మీ దగ్గరికి వచ్చినప్పుడు డబ్బు ముడి విప్పకముందే పలక తీయండి.